కోలాటపు వలయములో చోటు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



శ్రీరామనవమి పందిటిలో రాత్రి కోలాటము మొదలగు వేళకు ఊరి పిల్లలందఱు వలయము కట్టుదురు. తాళము పడును, డోలకు మ్రోగును. కోలలు రెండుమార్లు పలికినంతనే నిద్రమత్తులో నున్న పసివాండ్రు సైతము తల్లుల ఒడి దిగి పరుగెత్తుదురు. అదే పందిటిలో గుంజకు ఆనుకొని, లేదా అరుగు మీద అమ్మమ్మ ప్రక్కన, ఒకరిద్దఱు పిల్లలు కూర్చుండి చూచుచుందురు. ఒకనికి కాలు సాగదు. ఒకతెకు చెవి వినపడదు. మఱియొకడు కోలల చప్పుడు మొదలు కాగానే చెవులు మూసికొని తల్లిని ఇంటివైపు లాగును. వారిని ఎవ్వరును పొమ్మనలేదు. రమ్మనియు అనలేదు. “వాడు ఆడలేడులెండి” అని తల్లియే ముందుగా అనివేయును. ఇతరులు అనకముందే తాననుట ఆమెకు కొంత గౌరవముగా తోచును. ఏటికేడు ఆ మాట అట్లే నిలిచి, పిల్లవాడు పెద్దవాడై, పందిటి గుంజయే వానికి స్థిరమైన తావగును.

ఇట్టి పిల్లలు ఊరికి ఒకరిద్దఱే కదా యని తీసివేయుటకు వీలులేదు. 2011 జనాభా లెక్కలయందు దేశము మొత్తము మీద వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షల మంది యని తేలినది. అందులో 1 కోటి 86 లక్షల మంది గ్రామవాసులే. ఆ లెక్కల పత్రమునందు ఆటిజమునకు వేఱుగా గడి లేనే లేదు. తరువాత 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, 1995 నాటి చట్టమునందలి 7 విధములను 21 విధములుగా విస్తరించి, ఆటిజము, మస్తిష్క పక్షవాతము, చదువు వ్రాతలు నేర్చుకొనుటలోని ప్రత్యేకమైన ఇబ్బందులు మొదలగువానిని విడివిడిగా పేర్కొన్నది. ఒక్క నిమిషమైనను కుదురుగా నిలువలేని, మనస్సు ఒకచోట నిలుపలేని పిల్లల స్థితి ఆ 21లో చేరలేదు. కాని ప్రతి ఊరి కోలాటమునందును వారు కలరు. ప్రతి గురువును వారినెఱుగును.

మెదడు పనిచేయు తీరు పదిమంది తీరుకంటె వేఱైన పిల్లలను నేడు నాడీవైవిధ్యము గలవారని అనుచున్నారు. పేరేదైనను సరే. వికలాంగులని, విభిన్న ప్రతిభావంతులని, దివ్యాంగులని పేర్లు మాఱుచు వచ్చినవి. గుంజ యొద్ద చోటు మాత్రము మాఱలేదు.

కోలాటము తెలుగువారికి క్రొత్త కాదు. హంపి శిల్పములలో కోలలు చేతబట్టి ఆడు స్త్రీలు నేటికిని కానవత్తురు. ఏకకోలాటము, జంటకోలాటము, జడకోలాటము అని దానిలో తెగలున్నవి. ఆట నడపు గురువును కొన్ని తావుల కోలన్న పంతులందురు. ఆటయందలి ఒక్కొక్క వరుసకు కోపు అని పేరు. ఎదురుగా నిలిచి కోల కలుపువాడు ఉద్ది. ఈ ఉద్ది యను మాటలోనే అసలు సంగతి యున్నది. భరతనాట్యము ఒంటరిగా ఆడవచ్చును. భామాకలాపమునందు సత్యభామ ఒక్కతెయే రంగమును నింపగలదు. కోలాటమునందు ఒకని చేతిలోని కోల సగము దెబ్బ మాత్రమే. తక్కిన సగము ఉద్ది చేతిలో నుండును. ఎదుటివాడు కొంచెము ముందుకు వంగినచో, కోలను కొంచెము దించినచో, అర క్షణము ఆగినచో, చేయి పూర్తిగా ఎత్తలేనివానికిని దెబ్బ పలుకును.

మఱి ఇట్టి ఆటనుండి ఆ పిల్లలెట్లు తొలగిరి? కారణము ఆటలో కంటె దానిని చూచు చూపులో నున్నది. కోలాటము ఆడుకొనుటకు ఉన్నంతకాలము ఒకడు తప్పినను నవ్వి సాగిపోవుట కలదు. అది పోటీలకు, ఊరేగింపులకు, వచ్చిన పెద్దల యెదుట ప్రదర్శనకు పోయినప్పుడు ఒకే రంగు చీరలు, ఒకే ఎత్తు పిల్లలు, ఒకే తీరు అడుగులు కావలసివచ్చెను. బహుమతి కొఱకు ఆడునప్పుడు తప్పు చేయువాడు భారమగును. ప్రదర్శన తప్పని ఎవ్వరును అనరు. అందమైన జట్టును చూచి సంతోషింపని ఊరు లేదు. కాని ఊరి ఆట మొత్తము ప్రదర్శనయే యైనచో ఆడువారు కొందఱై, చూచువారు పెక్కురగుదురు. 2016లో హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియమునందు 9 వేలకు పైగా స్త్రీలు ఒక్కసారి బతుకమ్మ ఆడి గిన్నిస్ పుస్తకమునకెక్కిరి. ఘనమైన సంగతియే. ఐనను అట్టి లెక్కలో తలలు మాత్రమే లెక్కకు వచ్చును. ఇంటి గడప యొద్ద మిగిలిపోయినవారెందఱో ఆ లెక్క చెప్పదు.

ఈ ప్రసంగము వచ్చినపుడెల్ల సుధా చంద్రన్ గారి పేరు చెప్పుట పరిపాటి. ఆమె 1981లో ప్రమాదమునకు లోనై కాలు పోగొట్టుకొని, జైపూరు కాలు అమర్చుకొని, 1984లో తిరిగి రంగమెక్కిరి. ఆమె కథయే ‘మయూరి’ చిత్రమై, ఆమెయే నాయికగా నటింపగా, తెలుగు ఊళ్ళలో ఎందఱో కన్నీటితో చూచిరి. ఆ పట్టుదలకు నమస్కరింపవలసినదే. కాని గుంజకానుకొని యున్న పిల్లవానికి ఆ కథను మాటిమాటికి చెప్పుటలో ఒక అన్యాయమున్నది. ఆమె ప్రమాదమునకు ముందే చిన్ననాటినుండి భరతనాట్యము అభ్యసించిన కళాకారిణి. ఈ పిల్లవాడు కళాకారుడు కాదలచలేదు. వాడు తన ఈడు పిల్లలతో పండుగనాడు ఆడదలచెను, అంతే. కాళ్ళు బాగుగా నున్న పిల్లలను వలయములోనికి రానిచ్చుటకు ఎవ్వరును ముందుగా పట్టుదలను పరీక్షింపరు గదా.

ఇక గురువులు చెప్పు అభ్యంతరము. “ఒక్కడు తప్పినా కోపు చెడిపోతుందండీ” అని వారందురు. ఇది అబద్ధము కాదు. జంటకోలాటమునందు రెండు వలయములును ఎదురెదురు దిక్కులకు సాగుచు, కోపు తిరిగిన ప్రతిసారియు ఉద్ది మాఱుట కలదు. ఒకరు ఒక అడుగు వెనుకబడిన, వారి కొఱకు వచ్చిన కోల గాలిలో నిలిచిపోవును, తరువాతి జంటయు తప్పును, గొలుసు తెగును. దీనికి పిల్లవానిని తీసివేయుట ఒక ఉపాయము. కోపును మార్చుట మఱియొక ఉపాయము. లోపలి వలయము కదలక నిలిచి, వెలుపలి వలయము మాత్రమే ఒక్కొక్క చోటు జరుగునట్లు కట్టినచో గొలుసు తెగదు. లోపల ఎనమండుగురు, వెలుపల ఎనమండుగురు ఉన్నారనుకొనుడు. చక్రాల కుర్చీలో కూర్చున్న బాలిక లోపలి వలయమున తన చోట ఉండును. వెలుపలివారు ఒక్కొక్కరే ఆమె యెదుటికి వచ్చి, కోల కలిపి, ప్రక్కకు సాగుదురు. కోపు ఎనిమిది మార్లు తిరుగునప్పటికి ఆమె వెలుపలి ఎనమండుగురితోను కోల కలిపియుండును. బడిలో ఆమెతో ఎన్నడును మాటలాడని పిల్లయు ఆమె ముఖము చూచి నాలుగు దెబ్బలు కలుపక తప్పదు. ఆమె ప్రక్కనున్న ఏడుగురును నిలిచియే ఆడుదురు గనుక, ఆమె ఒక్కతెయే కదలుట లేదని చూపరులకు తోపదు, ఆమెకును తోపదు.

ఎదుటికి వచ్చినవారు కోలలను ఆమె ఎద ఎత్తునకు దింపవలెను. ఇది రెండు దినముల సాధనలో అలవడును. పందిటిలో ఇసుక పోయు వాడుక కలదు. ఇసుకలో చక్రములు దిగబడును. కళ్ళము వలె గట్టిచేసి అలికిన నేల మేలు. ఆటవేళ కుర్చీ బ్రేకులు బిగించి యుంచవలెను. కొందఱు పెద్దలు ప్రేమతోనే ఒక పొరపాటు చేయుదురు: నడువలేని పిల్లవానికి కృష్ణవేషము వేసి, నెమలిపింఛము పెట్టి, వలయము నడుమ పీట మీద కూర్చుండబెట్టుదురు. చూచువారికి ముచ్చటగా నుండును. కాని వానిచేత కోల లేదు, వానికి ఉద్ది లేడు. గుంజ యొద్దనుండి పీట మీదికి వచ్చెనే గాని ఆటలోనికి రాలేదు.

మస్తిష్క పక్షవాతము గల పిల్లలకు కాలి కంటె చేయి ఇబ్బంది పెట్టుట కలదు. తొందరపెట్టినకొలది కండరములు మఱింత బిగియును. వారికి పట్టు చిక్కుటకై కోల మొదట పాతగుడ్డ చుట్టి లావు చేయవచ్చును. రెండు కోలలు పట్టలేనివారు ఒక కోలతోనే ఆడవచ్చును. అందఱు నాలుగు దెబ్బలు కొట్టుచోట వారు మొదటి దెబ్బయు మూడవ దెబ్బయు కొట్టినను తాళమునకు భంగము లేదు. పాటను విలంబముగా మొదలుపెట్టి, చివరకు వేగము పెంచు వాడుక కోలాటమునందు ఉన్నదే; ఆ విలంబ భాగమును కొంచెము పొడిగించినచో చాలును.

చెవి వినపడని పిల్లలను పాటకు దూరమైనవారని తలచుట పరిపాటి. స్కాట్లండుకు చెందిన ఎవెలిన్ గ్లెన్నీ యను విదుషి బాల్యముననే వినికిడి చాలవఱకు కోల్పోయియు, పాదరక్షలు విడిచి కచ్చేరి చేయుచు, కంపనములను శరీరముతో గ్రహించుచు డోలు వాద్యములలో లోకప్రసిద్ధురాలైనది. చెక్కపలకల వేదికవలె మట్టినేల కంపనమును మోయదు. కాని కోలాటమున అంతకంటె మంచి సాధనమున్నది: దెబ్బ తాళము చెవిని చేరకున్నను అరచేతిని చేరును. కోల తగిలిన ప్రతిసారియు పిల్లకు లయ తెలియుచునే యుండును. తెలియనిది కోపు మాఱు సమయము మాత్రమే. గురువు ఈల వేసియో, కేక వేసియో కోపు మార్చును; ఆ క్షణముననే ఒక ఎఱ్ఱగుడ్డ పైకెత్తినచో ఆమెకును తెలియును. గురువు ముఖము కనబడు చోట ఆమెను నిలుపవలెను. నిజమునకు ఆ గుడ్డ ఉపయోగము ఆమెకే గాదు; మైకు మ్రోతలో గురువు కేక వినబడని తక్కిన పిల్లలందఱును దానినే చూతురు.

చూపులేని పిల్లవానికి మార్గము వేఱు. వాడు తన కోలలను ఎద ఎత్తున నిలిపియుంచిన, ఉద్దియే వచ్చి కొట్టును. ఉద్ది కాలికి గజ్జె కట్టినచో రాకపోకలు తెలియును. వలయము పొడవునా ఒక తాడు పఱచి, దానిపై గోనెపట్ట కప్పి నేలకు బిగించినచో పాదమే దారి చూపును. జడకోలాటమునందు పైనుండి దిగిన తాడు చేతిలో నుండును. దాని బిగువును బట్టి నడిమి గుంజ ఏవైపున నున్నదో వానికి తెలియుచుండును. ఐనను జడకోలాటము సులభము కాదు. ఒకరు పైనుండి, ఒకరు క్రిందినుండి దాటుచు జడ అల్లుటలో చూపున్నవారే ముడులు వేయుదురు. ముందు నడుచువాని భుజము తాకుచు పోవుట కొందఱకు కుదురును, కొందఱకు కుదరదు. కుదరనిచోట మఱియొక కోపు చూచుకొనవలెను.

ఇంతవఱకు చెప్పినవి కంటికి కనబడు ఇబ్బందులు. కనబడనివానిని గూర్చి చెప్పుట కష్టతరము. చెవులు మూసికొని ఇంటివైపు లాగు ఆ పిల్లవానిని ఊరు మొండివాడనును, తల్లి గారాబము చేసినదనును. వానికి ఆటిజము ఉండవచ్చును. ఆటిజము గల పిల్లలలో పెక్కురకు పది కోలలు ఒక్కసారి పలికిన చప్పుడు, తక్కినవారికి చెవి ప్రక్కన టపాకాయ ప్రేలినట్లుండును. పైగా పండుగ రాత్రి మైకు, దీపముల మెఱుపులు, అత్తరు వాసన, ఎవరెవరో వచ్చి బుగ్గ గిల్లుట. వాడు ఆటకు భయపడుట లేదు; ఆట చుట్టునున్న హోరునకు తాళలేకున్నాడు.

అట్టివానికి సాధన పండుగ రాత్రి మొదలు కారాదు. నెల ముందుగా, పగటివేళ, మైకు లేక, నలుగురు పిల్లలతో, గుడ్డ చుట్టిన కోలలతో మొదలు కావలెను. ప్రతిదినము అదే వేళ, అదే చోటు, మొదట అదే పాట. ఎన్ని కోపులు ఆడవలెనో అన్ని చింతపిక్కలు వాని ముందు పెట్టి, ఒక్కొక్క కోపు ముగిసినపుడు ఒక్కొక్క పిక్క తీసివేసినచో, ఇంకెంత మిగిలెనో వానికి కనబడుచుండును. ఎప్పుడు ముగియునో తెలిసిన పనిని ఓర్చుకొనుట ఎవ్వరికైనను తేలికయే. చేయి పట్టి వలయములోనికి లాగరాదు. వలయము వెలుపల ఒక చాప పఱచి, ఎప్పుడైనను పోయి కూర్చుండుటకును, ఎప్పుడైనను తిరిగివచ్చుటకును వానికి సెలవు ఇయ్యవలెను. మొదటి వారము వాడు చాప మీదనే కూర్చుండి మోకాలి మీద తాళము వేయవచ్చును. అదియు ఆటయే. ముఖము చూచి నవ్వలేదని, కన్ను కలుపలేదని వానిని తప్పుపట్టరాదు. వాడు కోలనే చూచును, కోలాటమునకు కావలసినదియు అదియే. అదే దెబ్బ, అదే వరుస, మాటిమాటికి మఱలివచ్చుట కొందఱు పిల్లలకు విసుగు పుట్టించును. ఇట్టివారిలో పలువురకు అదే హాయి. వరుస ఒకసారి పట్టుబడినచో గురువు తప్పినను వాడు తప్పకపోవచ్చును.

కుదురులేని పిల్లవాని సంగతి దీనికి తలక్రిందులు. నిలిచియున్న లోపలి వలయములో వానిని పెట్టిన అందఱను చెఱచును. వాడు వెలుపలి వలయమునకు తగినవాడు. ఆటకు ముందు కోలలు పంచుట, ముగిసినపుడు లెక్కపెట్టి కట్టలు కట్టుట వానికి అప్పగింపవలెను. వాని కాళ్ళకు పని యున్నంతసేపు ఊరికి సుఖము.

జాగ్రత్తలు కొన్ని కలవు. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలో కొందఱకు మెడయెముకల పట్టు సడలియుండును. మెడ కుదుపు గంతులు వారికి వైద్యుని అడిగిగాని నేర్పరాదు. మూర్ఛవ్యాధి గలవారిలో కొందఱకు మినుకు మినుకుమను దీపములు కీడు చేయును. అట్టివారున్న పందిటిలో ఆ దీపములు లేకున్నచో కోలాటమునకు వచ్చు లోటేమియు లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది పిల్లవానినే అడుగుట. మాటలాడలేనివాడు తల త్రిప్పియో, చేయి వెనుకకు తీసికొనియో చెప్పును. ఆడనని చెప్పు హక్కు తక్కిన పిల్లలకున్నట్లే వానికిని కలదు. ఊరు ఉదారమైనదని చూపుటకు వానిని లాగుకొనివచ్చుట కంటె గుంజ యొద్ద విడిచిపెట్టుటయే మేలు.

నవ్వెడివారి మాట తల్లులు తప్పక అడుగుదురు. పిల్లలు మొదటి దినము నవ్వుదురు. కోల కలిపిన మూడవ దినమునకు మఱచిపోవుదురు. పెద్దల జాలి అంత త్వరగా పోదు. ఆ పిల్లవాడు ఒక దెబ్బ కొట్టగానే పందిరంతయు చప్పట్లు చఱచి, “పాపం, ఎంత బాగా కొట్టాడో” అనుచో, వాడు మఱల వలయమునుండి వేఱైపోవును. అందఱకు ఎన్ని చప్పట్లో వానికిని అన్నియే చాలును.

కోలాటము ఒక్కటే యని కాదు. అరకు లోయ ప్రాంతపు థింసాలో ఒకరి నడుము వెనుకగా మఱియొకరు చేతులు పెనవైచుకొని వరుసగా అడుగు వేయుదురు. చూపులేని బాలిక అందులో చేరినచో ఇరుప్రక్కలవారి మేనులే ఆమెకు అడుగు చెప్పును. బతుకమ్మయందు పూలను పేర్చుటయు ఆటలో భాగమే. తిరుగలేని పిల్ల పేర్చిన తంగేడు వరుస చుట్టును ఊరంతయు తిరుగును. ఐనను పూలు పేర్చుట ఆమెకు, తిరుగుట తక్కినవారికి అని శాశ్వతముగా పంచివేయరాదు. కుర్చీకి చక్రములున్నవి గదా.

ఇవి దయతో చేయు పనులని ఎవ్వరైన తలచినచో చట్టమును చూడవచ్చును. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశము 2007లో ధ్రువీకరించెను. అందలి 30వ అధికరణము ఆటపాటలలో వైకల్యము గల పిల్లలకు తక్కిన పిల్లలతో సమానమైన ప్రవేశము కలుగజేయవలెనని చెప్పుచున్నది. 2016 చట్టపు 29వ విభాగము సాంస్కృతిక జీవనమునందు పాల్గొను హక్కును కాపాడు బాధ్యతను ప్రభుత్వము మీదనే గాక స్థానిక సంస్థల మీదను పెట్టినది. పంచాయతి స్థానిక సంస్థయే. పండుగ పందిటికి అనుమతి ఇచ్చునపుడు, మెట్టు ఉన్నచోట ఒక ఏటవాలు బల్ల వేయుమనుట పంచాయతికి పెద్ద పని కాదు.

గ్రంథాలయమునకు దీనితో పనియేమని అడుగవచ్చును. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువ మీది పడవలో పుస్తకములు పెట్టి పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పాఠకుల యొద్దకు పంపిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పోవలెనను పాఠము ఈ ఉద్యమమునందే పుట్టినది. పైగా పండుగ పందిరి ఏడాదికొకసారి వేయబడును. గ్రంథాలయపు వసారా ఏడాది పొడవున ఉండును. అక్కడ మైకు లేదు, గుంపు లేదు, మెల్లగా మాటలాడు అలవాటు ముందే యున్నది. చప్పుడు ఓర్వలేని పిల్లవానికి ఊరిలో ఇంతకంటె తగిన చోటు దొరకదు.

రజతోత్సవము ముగిసిన తరువాత ఆ వసారాలో వారమునకు రెండు సాయంకాలములు చాలును. అడుగున్నర కోలలు ఇరువది జతలు. అందులో ఆఱు జతలకు గుడ్డ చుట్టి యుంచవలెను. ఒక ఎఱ్ఱగుడ్డ, ఒక చాప, ఒక డోలకు, గుప్పెడు చింతపిక్కలు. పిల్లల ఇండ్లకు పోయి పిలుచు పని గురువునకు గాక, వారి ఈడు పిల్లలకు ఒప్పగించినచో మంచిది. “వాడు ఆడలేడులెండి” అని తల్లి అన్నప్పుడు, “మాకు లోపలి వలయంలో ఒకరు తక్కువయ్యారు పిన్నీ, పంపించు” అని వారే చెప్పగలరు.